కొన్నంత మాత్రాన సొంతమవుతుందా?

2019 మే 25 రాత్రి సెవియా నగరంలో స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్బు వాలెన్సియా 2-1తో బార్సిలోనాను ఓడించింది. మామూలు బార్సిలోనా కాదు, మెస్సీ ఉన్న బార్సిలోనా. గమేరో ఒకటి, రొద్రీగో ఒకటి కొట్టారు. పదకొండేళ్ల తర్వాత స్పెయిన్ దేశవాళీ కప్పు కోపా దెల్ రే మళ్లీ వాలెన్సియా ఊరు చేరింది, అదీ క్లబ్బుకు సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాది. ఆ జట్టును నిలబెట్టింది కోచ్ మార్సెలీనో. చితికిపోయిన క్లబ్బుకు వచ్చి, వరసగా రెండు సీజన్లు నాలుగో స్థానం తెచ్చి, చాంపియన్స్ లీగ్ ఆడించి, ఆపైన ఈ కప్పు గెలిపించాడు. సెప్టెంబర్ 11న ఆయన్ని తీసేశారు. కప్పు గెలిచి నాలుగు నెలలు కూడా కాలేదు. కొత్త సీజన్‌లో అప్పటికి ఆడింది మూడు లీగ్ మ్యాచులే. కోపాను పట్టించుకోవద్దని తనకు సంకేతాలు అందుతూ వచ్చాయని, దాన్ని గెలవడమే తన తొలగింపుకు దారి తీసిందని మార్సెలీనో విలేకరుల ముందే చెప్పి వెళ్లిపోయాడు. క్లబ్బు వ్యవహారాలు చక్కదిద్దిన మతేయు అలెమాని నవంబర్‌లో బయటికి నడిచాడు.

ఓడిపోయిన కోచ్‌ను ఇంటికి పంపడం ఫుట్‌బాల్‌లో నిత్యం జరిగేదే. దానికోసం నేను కలం పట్టను. ఇక్కడ గెలిచినవాణ్ణి పంపేశారు. ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చి పండగ చేసుకున్న గెలుపు, పదివేల కిలోమీటర్ల అవతల సింగపూర్‌లో ఉన్న యజమానికి అక్కర్లేని గెలుపైంది. అయినా ఆ యజమాని పీటర్ లిమ్‌ను తిట్టిపోసి ఊరుకుంటే అసలు దోషులు తప్పించుకుంటారు. ఫుట్‌బాల్ క్లబ్బు అమ్మకానికి పెట్టదగిన సొత్తు కాదు. దాన్ని సొత్తుగా మార్చిన చట్టం తప్పు. ఆ చట్టం చాటున దాన్ని అమ్మేసిన స్థానిక పెద్దలు, కొన్నవాడికంటే ఎక్కువ దోషులు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, దీనికి ఆధారం వాలెన్సియా చరిత్రే.

1919 మార్చి 18న తొరీనో అనే బార్‌లో కొందరు కుర్రాళ్లు కూడి ఈ క్లబ్బు పెట్టుకున్నారు. తొలి అధ్యక్షుడు ఎవరన్నది నాణెం ఎగరేసి తేల్చుకున్నారు, ఒక్తావియో అగుస్తో మిలేగోకు దక్కింది. పెట్టుబడిదారు ఎవరూ లేరు. ఉన్నది సభ్యులు, వాళ్ల చందాలు. 1923 మే 20న సొంత మైదానం తెరిచారు. మెస్తాయా అనే సాగునీటి కాలువ పక్కనే కట్టారు కాబట్టి ఆ పేరే నిలిచింది. తొలి ఆట పొరుగు క్లబ్బు లెవాంతెతో. ఇవాళ లా లిగాలో అన్నిటికంటే పాత మైదానం అదే.

స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసేసరికి ఆ మైదానంలో మిగిలింది గోడలూ కట్టడమూ మాత్రమే. ఖైదీల శిబిరంగానూ, పాత ఇనుము పోగేసే చోటుగానూ వాడి దాన్ని పాడుచేశారు. అక్కణ్ణుంచి లేచారు. ఎపి, అమదేయో, ముందో, అసెన్సి, గొరోస్తీసా అనే అయిదుగురి దాడికి ‘విద్యుత్ దళం’ అని పేరొచ్చింది. 1942, 1944, 1947లో లీగ్ గెలిచారు. ముందో రెండు సీజన్లు దేశంలో అందరికంటే ఎక్కువ గోలులు కొట్టాడు. 1957 అక్టోబర్‌లో తూరియా నది పొంగి నగరాన్ని ముంచింది, మెస్తాయానూ ముంచింది. మళ్లీ లేచారు. 1962, 1963లో ఫెయిర్స్ కప్పు రెండుసార్లు వరసగా వాళ్లదే.

ఈ కాలపు పెద్దమనిషి ఒకడి గురించి చెప్పి తీరాలి. లూయిస్ కసనోవా 1940 నుంచి 1959 దాకా అధ్యక్షుడు. శిథిలాల మధ్య క్లబ్బును చేతిలోకి తీసుకుని మూడు లీగ్‌లు చూసినవాడు. కృతజ్ఞతగా 1969లో మైదానానికి ఆయన పేరు పెట్టారు. ఇరవై అయిదేళ్ల తర్వాత ఆ పేరు తీసేసి పాత పేరే పెట్టమని అడిగింది ఆయనే. 1994లో మెస్తాయా మళ్లీ మెస్తాయా అయింది. క్లబ్బును తన చేతిలో కొన్నాళ్లు ఉండి వెళ్లేదిగా చూసిన మనిషి చేయగల పని అది. వాటాల కాగితం పట్టుకుని యజమానిననుకునే మనిషికి ఆ ఆలోచన రాదు.

1976లో అర్జెంటీనా నుంచి మారియో కెంపెస్ వచ్చాడు. రెండు సీజన్లు వరసగా లీగ్‌లో అత్యధిక గోలులు అతనివే. 1978లో ప్రపంచ కప్పు ఎత్తినప్పుడు అతను వాలెన్సియా ఆటగాడు. 1979లో కోపా ఫైనల్లో రియల్ మాడ్రిడ్ మీద రెండు గోలులూ అతనే కొట్టాడు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్‌లో ఆర్సెనల్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్ విన్నర్స్ కప్ తెచ్చారు. ఆ పెనాల్టీల్లో కెంపెస్ మొదటిదే పోగొట్టుకున్నాడు, గోల్‌కీపర్ పెరేరా ఆపి గెలిపించాడు. ఆరేళ్లు తిరక్కుండానే, 1986లో, అప్పుల ఊబిలో కూరుకుని క్లబ్బు రెండో శ్రేణికి జారింది. అప్పుడూ అమ్మేయలేదు. అర్తూరో తుసోన్ అధ్యక్షుడై వచ్చాడు. డి స్తెఫానో చేతికి జట్టు ఇచ్చి, పొదుపుగా నడిపి, ఒక్క ఏడాదిలో పై శ్రేణికి తెచ్చాడు. సభ్యుల క్లబ్బు పతనం నుంచి తనంతట తాను బయటపడగలదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఆ రుజువు కళ్లముందు ఉండగానే స్పెయిన్ పార్లమెంటు 1990 క్రీడా చట్టం తెచ్చింది. అప్పులు పెరిగిపోతున్నాయి కనుక వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బులన్నీ వాటాల కంపెనీలుగా మారాలంది. లెక్కలు మిగులులో ఉన్న నాలుగింటికి మినహాయింపు ఇచ్చింది: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా. మిగతావాటిలో సభ్యుడు అనేవాడు ఒక్క దెబ్బకు లేకుండా పోయాడు. ఆ చోట వాటాదారు వచ్చాడు. వాటా లేనివాడు టికెట్ కొనుక్కునే గిరాకీ అయ్యాడు. తాతల నాటి నుంచి చందా కట్టిన కుటుంబాన్ని, తమ క్లబ్బును తామే డబ్బిచ్చి కొనుక్కోమన్న చట్టం అది! అప్పులు తగ్గించడానికన్నారు. తగ్గాయా? ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఎన్ని స్పానిష్ క్లబ్బులు దివాలా కోర్టుల గడప తొక్కాయో ఆ చట్టం రాసినవాళ్లకు తెలియదా?

వాలెన్సియాలో ఏం జరిగిందో చూడండి. 2000లో, 2001లో వరసగా చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన జట్టు అది. రెండూ ఓడింది. పారిస్‌లో మాడ్రిడ్ చేతిలో చిత్తయింది, మిలాన్‌లో పెనాల్టీల దాకా వెళ్లి బయెర్న్ చేతిలో పోయింది. ఆ రెండో రాత్రి గోల్‌కీపర్ కన్యిసారెస్ ఏడుపు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. తర్వాత బెనీతెస్ కోచ్‌గా వచ్చి 2002లో, 2004లో లీగ్ గెలిపించాడు. 2004లోనే మార్సెయ్‌ను ఓడించి యూఏఫా కప్పు కూడా తెచ్చాడు. అయాలా, అల్బెల్దా, బరాహా, విసెంతే, ఐమార్. డబ్బున్న మాడ్రిడ్ తారలను కొనుక్కుంటున్న రోజుల్లో పట్టుదలతో, క్రమశిక్షణతో ఆ జట్టు స్పెయిన్‌ను ఏలింది. ఆ 2004లోనే క్లబ్బు పగ్గాలు హువాన్ సొలేర్ అనే భవన నిర్మాణ వ్యాపారి చేతికి వెళ్లాయి. వాటాలు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లదే రాజ్యం కదా.

స్థలాల ధరలు ఆకాశంలో ఉన్న కాలం. పాత మెస్తాయా స్థలం అమ్మి, ఆ డబ్బుతో కొత్త మైదానం కట్టాలని లెక్క వేశారు. 2007లో పని మొదలుపెట్టారు. 2008 మేలో ఆ కట్టడంలో ప్రమాదం జరిగి నలుగురు కూలీలు చనిపోయారు. 2009 ఫిబ్రవరిలో డబ్బు అయిపోయి పని ఆగింది. ఆటగాళ్లకు జీతాలు ఆగాయి. అప్పు 50 కోట్ల యూరోలు దాటింది. పైకప్పు లేని ఆ కాంక్రీటు అస్థిపంజరం పదహారేళ్లు నగరం మధ్య అలా నిలబడింది. 2025 జనవరిలో గానీ మళ్లీ పని మొదలుకాలేదు. అప్పు తీర్చడానికి వియ్యా బార్సిలోనాకు, సిల్వా మాంచెస్టర్ సిటీకి, మాతా చెల్సీకి పోయారు. స్పెయిన్ ప్రపంచ కప్పు గెలిచిన ఆ ఏళ్లలోనే, ఆ గెలుపులో చెయ్యి ఉన్న ఆటగాళ్లను వాలెన్సియా ఒక్కొక్కరినీ అమ్ముకుంది. ఈ దుర్గతి తెచ్చింది సింగపూర్ వాళ్లు కాదు. ఊరి వ్యాపారులూ, ఊరి బ్యాంకులూ, వాళ్లను మెచ్చుకున్న ప్రాంతీయ నాయకులూ.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. క్లబ్బుకు ఒక ఫౌండేషన్ ఉంది. 2009లో ప్రాంతీయ ప్రభుత్వం పూచీ ఉండి ఇప్పించిన సుమారు ఏడున్నర కోట్ల యూరోల అప్పుతో ఆ ఫౌండేషన్ వాటాలు కొని మెజారిటీ దక్కించుకుంది. అంటే క్లబ్బు ఒక రకంగా మళ్లీ ప్రజల చేతికి వచ్చింది! ప్రజల పూచీతో, ప్రజల పేరు మీద. ఆ వాటాలను చిన్న చిన్నగా పంచి అభిమానుల చేతికి ఇవ్వడానికి అయిదేళ్లు సమయం ఉంది. ఇవ్వలేదు. బ్యాంకు తన డబ్బు తనకు కావాలంది. 2014 మేలో ఫౌండేషన్ ధర్మకర్తలు పీటర్ లిమ్‌కు ఓటు వేశారు. క్లబ్బులో 70 శాతం, సుమారు 9 కోట్ల 40 లక్షల యూరోలకు. కంచే చేను మేసింది. ఆ రోజు సంబరపడిన అభిమానులను నేను తప్పుపట్టను. మునిగిపోతున్నవాడు ఏ చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకుంటాడు. కానీ ధర్మకర్తలు మునిగిపోతున్నవాళ్లు కారు. కాపలా ఉండమని కూర్చోబెడితే అమ్మిపెట్టారు.

ఆ తర్వాతి పదేళ్లకు పైబడిన కథ లోకానికి తెలిసిందే. ఏజెంట్ జార్జ్ మెండెస్ పలుకుబడి లోపలికి వచ్చింది. అంతకుముందు ఎక్కడా ప్రధాన కోచ్‌గా పనిచేయని గ్యారీ నెవిల్‌కు జట్టు అప్పగించారు, బార్సిలోనాలో ఏడు గోలుల తేడాతో ఓడారు. తర్వాత కోచ్‌గా వచ్చిన ప్రాందెల్లి మూడు నెలలకే రాజీనామా చేశాడు. కోవిడ్ ఏడాది, 2020 వేసవిలో, కెప్టెన్ పరేహోను డబ్బు కూడా తీసుకోకుండా పక్క ఊరి ప్రత్యర్థి వియారియాల్‌కు వదిలేశారు, కోక్లాన్‌ను కూడా అక్కడికే పంపారు. క్లబ్బు పెంచిన బిడ్డ ఫెర్రాన్ తోర్రెస్ మాంచెస్టర్ సిటీకి పోయాడు, కోపా ఫైనల్లో గోలు కొట్టిన రొద్రీగో లీడ్స్‌కు పోయాడు. బదులుగా ఒక్కరినీ కొనలేదు. రెండుసార్లు చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన క్లబ్బు ఇప్పుడు రెండో శ్రేణికి జారకుండా ఉంటే చాలని దండం పెట్టుకుంటోంది. 2023లో బరాహా, 2025లో ఆ ప్రాంతంవాడే అయిన కోర్బెరాన్ కోచ్‌లుగా వచ్చి ఆ గండం గట్టెక్కించారు. యజమాని ఏళ్ల తరబడి మైదానం వైపు రాలేదు. 2025 మార్చిలో అధ్యక్ష పదవి ఆయన కొడుకు కియాత్ లిమ్‌కు వచ్చింది. కుర్రాళ్లు నాణెం ఎగరేసి అధ్యక్షుణ్ణి ఎంచుకున్న క్లబ్బులో ఇవాళ పదవి యజమాని కొడుక్కి దక్కుతోంది!

లిమ్ లేకపోతే క్లబ్బు అప్పుడే చచ్చేదని వాదించేవాళ్లున్నారు. ఆయన డబ్బు పెట్టిన మాట నిజం, బ్యాంకు అప్పుల భారం తగ్గిన మాటా నిజం. అయితే ప్రాణం పోసినవాడికి ప్రాణం తీసే హక్కు వస్తుందా? సభ్యుల క్లబ్బులు మాత్రం సక్రమంగా ఉన్నాయా, బార్సిలోనా అప్పు చూడండి అంటారు. చూశాను. అధ్యక్షుడు బర్తొమేవు పాలనలో ఆ క్లబ్బు అప్పుల్లో మునిగింది. 2020లో ఇరవై వేల మందికి పైగా సభ్యులు ఆయన మీద అవిశ్వాసానికి సంతకాలు చేశారు, ఓటింగుకు ముందే ఆయన రాజీనామా చేసి పోయాడు. తేడా అక్కడే ఉంది. సభ్యులూ తప్పు చేస్తారు, కానీ తప్పు చేసినవాణ్ణి దింపగలరు. వాలెన్సియా అభిమాని ‘లిమ్ గో హోమ్’ అని పసుపు అట్ట ఎత్తి పట్టుకోగలడు, అంతే. ‘లిబెర్తాద్ వీసీఎఫ్’ లాంటి సంఘాలు ఏళ్లుగా వీధుల్లో ఉన్నాయి. 2022 మేలో సీజన్ చివరి ఆటకు వేలమంది లోపలికి వెళ్లకుండా బయటే నిలబడి మైదానాన్ని ఖాళీగా వదిలేశారు. వేరే ఆటల్లో 1919 గుర్తుగా 19వ నిమిషంలో నిరసన చేశారు. ఒక్క వాటా కూడా చేతులు మారలేదు.

ఈ అభిమానులను దేవతలను చేయడం నా ఉద్దేశం కాదు. 2023 మే 21న అదే మైదానంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్‌ను జాతి పేరుతో దూషించినవాళ్లు ఉన్నారు. ముగ్గురికి 2024లో ఎనిమిదేసి నెలల శిక్ష పడింది. పడాల్సిందే. ఊరిది అన్నాక ఊరి మలినం కూడా దానిదే అవుతుంది, కడుక్కోవలసిందీ ఊరే. కానీ 2024 అక్టోబర్ 29న వరద వచ్చి ఆ ప్రాంతంలో రెండువందల మందికి పైగా చనిపోయినప్పుడు ఏమైంది? మెస్తాయా తలుపులు తెరిచి అన్నం, బట్టలు, మందులు పోగేశారు. అభిమానులు పారలు పట్టుకుని బురద ఎత్తడానికి నడిచి వెళ్లారు. క్లబ్బు విలువ ఎంతని అడిగేవాళ్లు ఆ వారాన్ని ఏ ఖాతాలో రాస్తారు? విసెంతే నవారో అపరీసియో అనే అభిమానికి నడివయసులో చూపు పోయింది. అయినా మానలేదు, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఆట చెప్పించుకుంటూ దశాబ్దాలు మెస్తాయాకు వచ్చాడు. శతాబ్ది ఏడాది ఆయన కూర్చునే సీటులోనే కంచు విగ్రహం పెట్టారు. ఆ సీటుకు యజమాని ఎవరు? లిమ్ కంపెనీ కాగితాల్లో ఉన్న పేరా?

ఉమ్మడి సొత్తును అమ్మకుండా ఎలా కాపాడుకోవాలో ఆ నగరానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. మైదానానికి పేరిచ్చిన మెస్తాయా కాలువ, తూరియా నీటిని పొలాలకు పంచే ఎనిమిది పెద్ద కాలువల్లో ఒకటి. ప్రతి గురువారం మధ్యాహ్నం కథీడ్రల్ గుమ్మం ముందు నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. రైతులు ఎన్నుకున్న రైతులే న్యాయమూర్తులు. వాదన నోటిమాటగా, తీర్పు అక్కడికక్కడే. శతాబ్దాలుగా నడుస్తోంది, 2009లో యునెస్కో గుర్తించింది. అక్కడ నీరు పొలంతో ముడిపడి ఉంటుంది. పొలం నుంచి విడదీసి నీటిని విడిగా అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. పరిశోధకురాలు ఎలినార్ ఓస్ట్రమ్ ఉమ్మడి వనరుల మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఈ ఏర్పాటును ఒక ఉదాహరణగా చూపింది. ఆ గ్రంథం వచ్చింది 1990లో. క్లబ్బులను వాటాలుగా ముక్కలు చేసిన చట్టం వచ్చిందీ అదే 1990లో. నీటిని ఊరి నుంచి విడదీయకూడదని అన్ని తరాలుగా తెలిసిన చోట, క్లబ్బును ఊరి నుంచి విడదీసి అమ్మారు.

ఇది స్పెయిన్ గోల, మనకెందుకు అనకండి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కోచ్ రహీం సాబ్ జట్టును తీర్చిదిద్దిన ఊరు, పోలీస్ జట్టు వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచిన ఊరు ఎన్నో ఏళ్లకు మళ్లీ ఫుట్‌బాల్ పేరుతో తలెత్తింది. మూడేళ్లకే ఫ్రాంచైజీ చేతులు మారి ఢిల్లీకి వెళ్లిపోయింది. హైదరాబాదును ఎవరైనా అడిగారా? మనవాళ్లు కొన్నవాళ్లుగానూ ఉన్నారు. తెలుగువాడు బండా వాసుదేవరావు స్థాపించిన కోళ్ల పరిశ్రమ వెంకీస్, 2010లో ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అది. 2012లో అక్కణ్ణుంచి జారింది, 2017లో మూడో శ్రేణికి పడింది. ఆ పట్టణం వాళ్లు కడుపు మండి మైదానంలోకి కోడిని వదిలిన దృశ్యం మనకు వేడుక కాకూడదు. వాలెన్సియాలో లిమ్ ఎవరో, బ్లాక్‌బర్న్‌లో మనవాళ్లు వాళ్లే.

దారి లేదా అంటే ఉంది. బాస్క్ ప్రాంతంలో ఎయిబార్ అనే ఇరవై ఏడు వేల జనాభా పట్టణం ఉంది. 2014లో దాని క్లబ్బు పై శ్రేణికి అర్హత సాధిస్తే, అప్పు లేకపోయినా మూలధనం చాలదని చట్టం అడ్డం పడింది. వాటాలు అమ్మారు. కానీ ఎవరూ లక్ష యూరోలకు మించి కొనకూడదని కట్టడి పెట్టుకున్నారు. ప్రపంచమంతటి నుంచి వేలమంది కొన్నారు, క్లబ్బు పట్టణం చేతిలోనే ఉంది. ఏడు సీజన్లు మాడ్రిడ్‌తో, బార్సిలోనాతో ఆడింది. ఒవియేదోను 2012లో మూతపడకుండా కాపాడిందీ సామాన్య అభిమానులే, ఒకప్పుడు అక్కడ ఆడిన కసోర్లా, మాతా, మిచూలే. కానీ అక్కడ కట్టడి లేదు. ముందు మెక్సికో కుబేరుడు స్లిమ్, ఆపైన అదే దేశపు పచూకా సంస్థ మెజారిటీ పట్టుకున్నాయి. కాపాడింది వేల చేతులు, నిర్ణయించేది ఒక్క చెయ్యి. అందుకే మంచి యజమాని దొరకాలని కోరుకోవడం నాకు చాలదు. ఇవాళ్టి మంచివాడి వాటాలు రేపు ఎవరికి పోతాయో ఎవరు చెప్పగలరు?

2022 చివర వచ్చిన కొత్త క్రీడా చట్టం క్లబ్బులు తప్పనిసరిగా కంపెనీలు కావాలన్న షరతు ఎత్తేసింది. ముప్పై ఏళ్లు ఆలస్యంగా! అంటే పాతది తప్పని ఒప్పుకున్నట్టే కదా. ఒప్పుకున్నాక, ఆ తప్పు వల్ల పోగొట్టుకున్నవాళ్లకు తిరిగి ఇప్పించే దారి ఎక్కడ? ఒక్క మనిషి చేతిలో ఎన్ని వాటాలు ఉండవచ్చో చట్టంలో హద్దు రాయాలి. అమ్మకానికి వచ్చిన ప్రతి వాటా మీద మొదటి హక్కు సీజన్ టికెట్ ఉన్నవాళ్లకు ఇవ్వాలి. 2014లో ఓటు వేసిన ధర్మకర్తలు, ఆనాటి ప్రాంతీయ ప్రభుత్వ పెద్దలు, బ్యాంకు అధికారులు ఏ హామీలు అడిగారో, ఏవి రాయించుకున్నారో బహిరంగంగా చెప్పాలి. పాత మెస్తాయా స్థలం మీద భవనాలు లేవబోతున్నాయి. ఆ స్థలానికి విలువ పెంచే అనుమతులు ఇచ్చేది నగరపాలక సంస్థ, అంటే ఆ నగర ప్రజలు. ఆ విలువకు బదులుగా క్లబ్బులో ప్రజలకు వాటా ఇప్పించలేదంటే, 2014లో ధర్మకర్తలు చేసిన పనే మేయరూ చేసినట్టు.